రాసింది పైకి చదవడం

రాసినదాన్ని ఒకసారి పైకి చదువుకోండి అని నేను చెప్పినప్పుడల్లా విద్యార్థి మిత్రులు మొహమాటంగా నవ్వుతారు. ఆ నవ్వుకు అర్థం నాకు తెలుసు. పైకి చదవడం చిన్న బడిలో పిల్లలు చేసే పని. చదువు ముదిరినకొద్దీ మనిషి పెదవులు కదపకుండా చదవడం నేర్చుకుంటాడు. నేర్చుకున్నదాన్ని మళ్ళీ వదిలిపెట్టమంటే ఎవరికైనా చిన్నతనంగానే వుంటుంది. పైగా హాస్టలు గదిలో ఒకడు గోడవైపు తిరిగి తన వ్యాసం తానే గట్టిగా చదువుకుంటూ వుంటే తక్కిన ముగ్గురూ వూరుకోరు గదా.

ఈ సలహా నేను పుస్తకాల్లోంచి తెచ్చి చెబుతున్నది కాదు. ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు పాఠం చెప్పాను గనుక పుస్తకాల్లో వున్న సలహాలు చాలా చెప్పాను, అవి చాలామటుకు మరిచిపోయాను కూడా. ఇది ఒక తప్పు చేసి నేర్చుకున్నది.

1977లో నేను ఎం.ఏ. రెండో సంవత్సరంలో వుండగా మా అమ్మమీద ఒక కథ రాశాను. మా అమ్మ గుంటూరు జిల్లాలో ఒక పొగాకు కంపెనీ షెడ్డులో ఆకు గ్రేడు చేసే కూలీ. 1963లో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, ఆ షెడ్డు ఆడవాళ్ళు కూలి పెంచమని తొమ్మిది రోజులు సమ్మె చేశారు. నాకు గుర్తున్నది బహు కొద్ది. గేటు ముందు తుమ్మచెట్టు నీడ, కుండలో నీళ్ళు, ఆడవాళ్ళ చీరల్లోంచి వచ్చే పొగాకు ఘాటు. కథకు ఇది చాలదని తోచి తక్కినది కల్పించాను. కల్పించడం తప్పు కాదు. ఏది కల్పించామన్నదే ప్రశ్న.

అమ్మకు చదువు రాదు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక రాత్రి అన్నాలయ్యాక కథ చదివి వినిపించాను. ఆమె చింతపండులో గింజలు తీస్తూ వింటోంది. రెండు పేజీలు బాగానే సాగింది. తరవాత ఈ వాక్యం వచ్చింది: "ఆకలిని ధిక్కరించి, అణచివేతను ప్రతిఘటించి, తొమ్మిది రోజులపాటు గేటు ముందు ఉక్కు స్తంభంవలె నిలబడిన ఆ తల్లి కళ్ళలో రేపటి ఎర్రని ఉదయం ప్రతిఫలించింది."

అమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఎవుర్రా ఆవిడ?"

"నువ్వే."

"నేనా? ఉక్కు స్తంబాన్నా?" అని నవ్వి, కాసేపు వూరుకుని అన్నది: "తొమ్మిది రోజులూ నేనెక్కడున్నాన్రా గేటుకాడ? మూడోనాడు దొడ్డిదోవన లోపలికి పోయి పనిలో కూర్చున్నా. నీకు జొరం. మందుల షాపాయన అరువియ్యనన్నాడు. నీకు గుర్తు లేదా?"

లేదన్నాను.

"రాసుకుంటే రాసుకో నాయనా. నా పేరు మాత్రం పెట్టమాక."

నేను మార్చలేదు. అలాగే పంపాను. సమ్మె మధ్యలో పనిలోకి వెళ్ళిన మనిషిని కథానాయికగా పెడితే చదివేవాళ్ళకు ఏం సందేశం పోతుందని నాకు నేనే వాదించుకున్నాను. ఆ వాదనలో నాకు సులభంగానే గెలుపు దొరికింది. కథ అచ్చయింది. పెద్దలు కొందరు ఆశావహ దృక్పథం వుందని మెచ్చుకున్నారు. ఆ తరవాత ఏం రాశావురా అని అమ్మ అడగలేదు. నేనూ చదివి వినిపించలేదు.

ఆ రాత్రి సంగతిని చాలాకాలం నేను నిజాయితీకి సంబంధించిన విషయంగానే చూశాను. అందులో రచనా విధానానికి సంబంధించినది కూడా వున్నదని నిదానంమీద తెలిసింది. అమ్మ అభ్యంతరం చెప్పకముందే ఆ వాక్యం దగ్గర నా గొంతు మారింది. అంతవరకు మామూలుగా చదువుతున్నవాణ్ణి అక్కడికి వచ్చేసరికి మైదానంలో ఉపన్యాసం ఇచ్చేవాడిలా గొంతెత్తాను. ఎదురుగా వున్నది ఒక్క మనిషి. మధ్యన కిరసనాయిలు దీపం. గొంతు పెంచవలసిన అవసరం ఏమొచ్చింది? వాక్యంలో లేని బలాన్ని గొంతులోంచి అరువు తెచ్చుకున్నానన్నమాట. అదే వాక్యాన్ని అంతకుముందు కాగితంమీద పదిసార్లు చూసుకుని వుంటాను. ఒక్కసారి కూడా అనుమానం రాలేదు.

కన్నుకూ చెవికీ ఈ తేడా ఎందుకు వస్తుంది? కన్ను అర్థం కోసం ముందుకు పరుగెత్తుతుంది. రాసినవాడికి అర్థం ముందే తెలుసు గనుక వాడి కన్ను మరీ పరుగెత్తుతుంది. గొంతు అలా పరుగెత్తలేదు. ప్రతి అక్షరాన్నీ మోసుకుపోవాలి. మోసేవాడికే బరువు తెలుస్తుంది.

తెలుగు వాక్యం విషయంలో దీనికి ప్రత్యేకమైన కారణాలు కూడా వున్నాయి. మన క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. అందుచేత ఒకే మనిషి చేసిన పనులు వరసగా రాస్తే వాక్యాలన్నీ ఒకే చప్పుడుతో ముగుస్తాయి. వచ్చాడు, చూశాడు, కూర్చున్నాడు, అడిగాడు. పేజీమీద ఇది కనిపించదు. చెవికి మాత్రం రోకటిపోటులాగ వినపడుతుంది. విన్న తరవాత దిద్దుకునే దారులు మన భాషలోనే వున్నాయి. రెండు పనుల్ని కలిపి "వచ్చి చూశాడు" అనవచ్చు. క్రియే లేకుండా "వాడు మేస్త్రీ" అని ఆపవచ్చు. కర్తను మార్చవచ్చు. అయితే కలపడం మరిగినవాడు వచ్చి, చూసి, కూర్చుని, అడిగి, విని, లేచి అంటూ పోతాడు, వూపిరి అందక చెవి మళ్ళీ మొత్తుకుంటుంది.

ఇంకొకటి, ఇది వట్టి శైలికి సంబంధించినది కాదు. "సభ నిర్వహించడం జరిగింది. తీర్మానం ఆమోదించడం జరిగింది." ఈ "జరిగింది" మన నివేదికల్లో గడ్డిలాగ మొలిచింది. కాగితంమీద హుందాగానే వుంటుంది. పైకి చదవండి. "కార్మికులపై లాఠీచార్జి చేయడం జరిగింది." ఎవరు చేశారు? దెబ్బలు తిన్న మనిషి ఎవడూ "నన్ను కొట్టడం జరిగింది" అనడు. "నన్ను కొట్టారు" అంటాడు. పేరు తెలిస్తే పేరు చెబుతాడు. కొట్టినవాణ్ణి వాక్యంలోంచి తప్పించే విద్య ప్రభుత్వ ప్రకటనలకు అవసరం. మనకెందుకు పట్టుకున్నదో ఆలోచించవలసిన విషయం.

మనవాళ్ళను అనే ముందు నన్ను నేను అనుకోవాలి. 1981లో ధరల పెరుగుదలమీద ఒక కరపత్రం రాసే పని నాకు అప్పగించారు. నేను రాసిన మొదటి వాక్యం ఇది: "దినదినాభివృద్ధి చెందుతున్న గుత్త పెట్టుబడిదారీ దోపిడీ విధానాల పర్యవసానంగా ఉత్పన్నమవుతున్న ధరల పెరుగుదలకు వ్యతిరేకంగా సంఘటితపడవలసిన ఆవశ్యకతను గుర్తెరగవలసిన చారిత్రక సందర్భమిది." ప్రెస్సుకు ఇచ్చే ముందు గదిలో తలుపు వేసుకుని చదివాను. "వ్యతిరేకంగా" దగ్గర వూపిరి అయిపోయింది. మళ్ళీ వూపిరి పీల్చుకుని, దీన్ని మా వీధి కిరాణాకొట్టు దగ్గర నిలబడి చెప్పవలసి వస్తే ఏమంటానో అనుకుని చూశాను. "బియ్యం ధర పెరిగింది. పెంచినవాళ్ళు ఫలానావాళ్ళు. అందరం కలిస్తేగాని ఆగదు." ఇంతే. కాని ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. ఆ ఫలానావాళ్ళు ఎవరు? మా వూళ్ళో బియ్యం ఎవరి గోడౌన్లలో వున్నదో నాకు తెలియదు. పొడుగాటి వాక్యంలో ఆ తెలియనితనం హాయిగా దాక్కున్నది. పొట్టి వాక్యం దాన్ని వీధిలోకి లాగింది. ముఠా కూలీలను అడిగి తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. కరపత్రం ఆలస్యమైనందుకు చీవాట్లు తిన్నాను.

ఈ విషయంలో మనకు తాతల ఆస్తి లేకపోలేదు. గిడుగు రామమూర్తి (1863-1940) వ్యావహారిక భాష కోసం పోరాడినప్పుడు ప్రయోగించిన ఆయుధాల్లో ఒకటి గ్రంథికవాదుల రచనల్లోని తప్పుల పట్టిక. గ్రంథికమే రాయాలన్న పండితులు తామే గ్రంథికం తప్పులు లేకుండా రాయలేకపోతున్నారని "ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం"లో వాళ్ళ రచనలనుంచే ఎత్తి చూపించాడు. దీనివల్ల నాకు తోచేది ఇది: ఎవరి నోటా లేని భాషలో తప్పు రాస్తే, తప్పని చెప్పే చెవి కూడా ఎక్కడా వుండదు. వ్యాకరణం తిరగేసి చూసుకోవలసిందే. వ్యావహారికం గెలిచినందువల్ల మనకు దక్కిన పెద్ద సౌకర్యం, మన వాక్యాన్ని దిద్దగలవాళ్ళు వీధి నిండా వుండడం. ఆ సౌకర్యాన్ని మనమే వాడుకోవడం లేదు.

గురజాడ సంగతి చూడండి. "కన్యాశుల్కం" 1892లో విజయనగరంలో ప్రదర్శింపబడింది, 1897లో అచ్చయింది. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. ఈనాడు మనం చదివేది ఆ రెండోదే. నాటకం రాసేవాడికి ఒక అదృష్టం వుంది. తన మాటల్ని ఇతరుల నోట వింటాడు. కథకుడికీ వ్యాసకర్తకూ ఆ అదృష్టం లేదు, వాళ్ళే కల్పించుకోవాలి.

లూ సున్ కల్పించుకున్నాడు. తాను కథలు రాయడం ఎలా మొదలుపెట్టాడో 1933లో ఒక చిన్న వ్యాసంలో చెప్పాడు. అందులో ఒక మాట వుంది: రాయడం ముగించాక రెండుసార్లు చూసుకుంటాడట, నోటికి అడ్డం పడ్డ చోట కొన్ని మాటలు చేర్చో తీసేసో, చదవడానికి నున్నగా సాగేదాకా వదిలిపెట్టడట. తనకు మాత్రమే అర్థమయ్యే కల్పిత పదాలు వాడకుండా చూసుకుంటానని కూడా చెప్పాడు. చైనాలో వామపక్ష రచయితల సమితి ఏర్పడ్డది 1930లో, అందులో అతను ముఖ్యుడు. విప్లవ సాహిత్యాన్ని గురించి పెద్ద పెద్ద తగువులాడిన మనిషే, తన పని గురించి చెప్పవలసి వచ్చినప్పుడు నోటికి అడ్డం పడే మాటల గురించి చెప్పాడు.

ఫ్లోబేర్ కథ చాలామందికి తెలుసు. తన గదిలో వాక్యాల్ని గొంతు చించుకుని చదివేవాడు. చదివినప్పుడు నిలబడని వాక్యాన్ని వుండనిచ్చేవాడు కాదు. కాని నాకు ఇష్టమైనది వేరే సంగతి. 1849లో అతను "సెయింట్ ఆంటొనీ ప్రలోభం" అనే రచనను ఇద్దరు స్నేహితులను కూర్చోబెట్టి నాలుగు రోజులపాటు, మొత్తం 32 గంటలు చదివి వినిపించాడు. అంతా అయ్యాక వాళ్ళు, దీన్ని నిప్పుల్లో పడేసి మళ్ళీ ఆ వూసెత్తకు అన్నారు. అతను తగలబెట్టలేదు గాని పక్కన పెట్టాడు. రెండేళ్ళ తరవాత మొదలుపెట్టింది "మదాం బొవారి". ఇటువంటి స్నేహితులు మన సంఘాల్లో ఇద్దరు ముగ్గురు వుంటే బాగుండునని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. 32 గంటలు ఓపిగ్గా వినడం ఒకటి, ఆ తరవాత నిజం చెప్పడం ఇంకొకటి.

వినేవాళ్ళ విషయం వచ్చింది గనుక పొగాకు దగ్గరకే మళ్ళీ వస్తాను. క్యూబాలో హవానా నగరంలో చుట్టలు చుట్టే కార్మికులు 1865 నుంచి ఒక ఏర్పాటు చేసుకున్నారు. చేతులు పనిచేస్తూ వుంటే ఒక మనిషి ఎత్తుమీద కూర్చుని పత్రికలూ నవలలూ చదివి వినిపించేవాడు. అతనికి జీతం యజమాని ఇవ్వలేదు. కార్మికులే తమ కూలిలోంచి పోగుచేసి ఇచ్చారు. ఏ పుస్తకం చదవాలో వాళ్ళే వోటు వేసి నిర్ణయించేవాళ్ళు. నచ్చితే ఆకు కోసే కత్తిని బల్లమీద టకటక కొట్టేవాళ్ళు. మరుసటి సంవత్సరమే ప్రభుత్వం దాన్ని నిషేధించింది. మళ్ళీ మొదలైంది. వలస వెళ్ళిన క్యూబా కార్మికులతో అది అమెరికాలోని టాంపా నగరానికి కూడా పోయింది. 1931లో అక్కడి యజమానులు చదివే మనిషిని తీసివేస్తే కార్మికులు పని వదిలి బయటికి వచ్చారు. మన కణ్ణూరులో బీడీ కార్మికుల దగ్గర కూడా పత్రిక చదివి వినిపించే ఆచారం వుండేది. మా అమ్మ షెడ్డులో ఇలాంటిదేమీ లేదు. మాట్లాడితేనే మేస్త్రీ కేకలు వేసేవాడు. హవానా సంగతి మొదటిసారి చదివినప్పుడు, ఆ కత్తుల ముందు నా ఉక్కు స్తంభం వాక్యం చదివితే ఏమయ్యేదా అని ఆలోచించాను. వాళ్ళు బల్లమీద కొట్టి వుండరు.

ఇంతమాత్రాన చెవిని దేవుణ్ణి చేయనవసరం లేదు. చెవి మోసపోయినంత సులభంగా కన్ను మోసపోదు. మంచి గొంతు వున్న కవి చదివితే సభ వూగిపోతుంది. అదే కవిత అచ్చులో చూస్తే అందులో నాలుగు విశేషణాలూ ఒక ఆశ్చర్యార్థకమూ మిగులుతాయి. అంకెలు తప్పితే చెవికి తెలియదు. మూడో పేజీలో అన్నదానికి తొమ్మిదో పేజీలో అన్నది విరుద్ధంగా వుంటే చెవికి తెలియదు. రాసినవాడే చదివితే ఇంకొక ప్రమాదం వుంది. కాగితంమీద లేని వూనికను తన గొంతుతో చేర్చి చదువుతాడు. పడిపోయిన మాటను జ్ఞాపకంలోంచి పూరించి చదువుతాడు.

అందుకని మా తరగతిలో నేను ఒక పద్ధతి పెట్టాను. ఒకరి వ్యాసం మరొకరు చదవాలి. రాసినవాడు నోరు మెదపకూడదు. చదివేవాడు తడబడ్డ చోటల్లా పెన్సిలుతో గీత పెట్టుకోవాలి. మొదట్లో అవమానంగా వుండేది గాని తరవాత పిల్లలే అడిగి చదివించుకునేవాళ్ళు.

ఆ పద్ధతిలోనే నా లోపం కూడా బయటపడింది. నల్గొండ జిల్లానుంచి వచ్చిన ఒక అమ్మాయి వ్యాసాన్ని కృష్ణా జిల్లా కుర్రవాడు చదువుతూ పదేపదే ఆగాడు. "నేను చెప్పిన", "నేను పోయిన" అని ఆమె రాసింది. వాడు ప్రతిచోటా "చెప్పినా? చెప్పాను కదా?" అని నసిగాడు. నేను ఆ చోట్లన్నీ గీత పెట్టుకోమన్నాను. ఆ అమ్మాయి పెన్సిలు ముట్టుకోలేదు. "మా ఇంట్ల అట్లనే అంటం సార్. నేను సదివితే ఆగను" అన్నది. ఆమె చదివింది. ఆగలేదు. ఎన్నేళ్ళుగా నేను ఎంతమంది పిల్లల మాటను దోషమని కొట్టేశానో అప్పుడు లెక్కకు రాలేదు, ఇప్పుడూ రాదు. నా చెవి కోస్తా చెవి. దానికి బడి చదువూ, పత్రికల భాషా అలవాటు. వినే చెవి ఎవరిదన్న ప్రశ్న వేసుకోకుండా చెవికి వినపడిందల్లా దోషమనడం, గ్రంథికవాదులు చేసినదానికంటె ఏమంత భిన్నం?

ఈ రోజుల్లో ఫోనులో వున్న యంత్రం తెలుగు కూడా చదువుతోంది. మా మనవడు చూపించాడు. భావం లేకుండా, ఎక్కడ పడితే అక్కడ వూపిరి విరిచి చదువుతుంది. మొదట నవ్వు వచ్చింది. కాని ఒక సుగుణం వుంది. దానికి నా మీద ప్రేమ లేదు. వున్నదే చదువుతుంది. "కార్మికులు" అని నేను రెండుసార్లు కొట్టిన చోట రెండుసార్లూ చదివింది. అచ్చుతప్పులకు పనికివస్తుంది. ఎవరావిడ అని మాత్రం అడగదు.

2004లో నా కథల సంపుటి వేద్దామని మిత్రులు అన్నారు. పాత కథలన్నీ ముందువేసుకుని ఒక్కొక్కటే పైకి చదువుతూ పోయాను. 1977 నాటి కథ వచ్చింది. అదే వాక్యం, అదే గొంతు, ఇరవై ఏడేళ్ళ తరవాత కూడా. దాన్ని సంపుటిలోంచి తీసేయడం సులభం. మూడు రోజులు ఆలోచించి, తిరగరాశాను. ఉక్కు స్తంభం పోయింది. ఎర్రని ఉదయం పోయింది. ఆ స్థానంలో ఇలా రాశాను: "మూడో రోజు పొద్దుటికి కూడా పిల్లవాడికి జ్వరం తగ్గలేదు. ఆమె దొడ్డిదోవన షెడ్డులోకి వెళ్ళి, తన చోట కూర్చుని, ఆకు చేతిలోకి తీసుకుంది. పక్క చోటులన్నీ ఖాళీగా వున్నాయి."

కాగితాలు తీసుకుని వూరికి వెళ్ళాను. అమ్మకు అప్పటికి చెవులు బాగా మందగించాయి. మామూలుగా చదివితే వినపడలేదు. కొంచెం గట్టిగా చదివాను. "ఏందీ?" అన్నది. చివరకు ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అరుస్తున్నట్టు చదవవలసి వచ్చింది. మా ఇల్లు ఆ షెడ్డు కూలీల వీధిలోనే వుంది. ఇళ్ళు గోడకు గోడ. నలభై ఏళ్ళనాడు సమ్మె చేసిన ఆడవాళ్ళలో బతికివున్నవాళ్ళు ఆ వీధిలోనే వున్నారు. "దొడ్డిదోవన" అన్న మాటను వీధంతా వినేటట్టు కేక పెట్టాను. కేక పెట్టిన తరవాత గాని ఏం చేశానో తెలియలేదు. అమ్మ మొహంకేసి చూడలేక కాగితంలోకి చూస్తూ కూర్చున్నాను.

పక్కింటి అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె కూడా ఆ షెడ్డు మనిషే. సమ్మెలో తొమ్మిది రోజులూ గేటు దగ్గర వున్నది.

"ఏందిరా అబ్బాయ్ చదువుతున్నావు? మూడోనాడా?" అన్నది.

అవునన్నాను.

"మూడోనాడు కాదు, నాలుగోనాడు. మూడోనాడు మీ అమ్మ గేటుకాడ నా పక్కనే వుంది. నా పిల్లకి పాలిచ్చిరమ్మని నన్ను ఇంటికి పంపింది గూడా. ఏం వదినా?"

అమ్మకు వినపడలేదు. "ఏమంటందిరా?" అని నన్ను అడిగింది. చెవి దగ్గర నోరు పెట్టి మళ్ళీ అరిచి చెప్పాను. అమ్మ వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకుంది. చివరకు, "అవునేమో. దానికి బాగా గుర్తుంటయ్" అన్నది.

జేబులోంచి పెన్ను తీసి "మూడో" కొట్టేసి "నాలుగో" అని రాశాను. తరవాత మొదటినుంచి మళ్ళీ చదవమని పక్కింటి అత్త లోపలికి వచ్చి గోడకు చేరగిలబడి కూర్చుంది.